లినక్స్‌లో శబ్దాల పంపకం: అప్లికేషన్ల మధ్య తగువులు, పరిష్కారాలు

లినక్స్ మీద నడిచే కంప్యూటర్‌లో రెండు మూడు అప్లికేషన్లు ఒకేసారి స్పీకర్‌నో మైకునో వాడుకోబోయినప్పుడు వాటిలో ఒకటి మూగబోవడాన్ని, మాట మధ్యలో తెగిపోవడాన్ని, ‘పరికరం ఖాళీగా లేదు’ అన్న సందేశం రావడాన్ని ధ్వని సంఘర్షణ అంటారు. చాలాసార్లు సౌండ్ కార్డు చెడిపోయి ఉండదు, స్పీకర్ కాలిపోయి ఉండదు. ఉన్న ఒక్క పరికరాన్ని ఒకరు పట్టుకుని వదలకపోవడమో, పంచిపెట్టాల్సిన ప్రోగ్రామ్ పక్కకు తప్పుకోవడమో దీనికి కారణం. కాబట్టి ఇది మరమ్మతు సమస్య కంటే ముందు పంపకం సమస్య. లినక్స్ శబ్ద వ్యవస్థ మూడు దశాబ్దాల చరిత్రంతా ఈ పంపకాన్ని న్యాయంగా చేయడానికి జరిగిన ప్రయత్నమే.

గోదావరి పోలిక

పంపకం అంటే ఏమిటో గోదావరి డెల్టా రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. 1852లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేశాక నదీజలం తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువల ద్వారా చేరడం మొదలైంది. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన కాటన్ బ్యారేజీ 1982 నుంచి ఆ పని చేస్తోంది. దాళ్వాలో నీరు చాలనప్పుడు వంతులవారీ విధానం పెడతారు. ఎగువ రైతు తన తూము ఎత్తి వదలకుండా పట్టుకుంటే శివారు భూములు ఎండిపోతాయి. అందుకే లాకుల దగ్గర ఒక అధికారి, కాలువ గట్టున లస్కర్లు ఉండాలి.

కంప్యూటర్‌లో శబ్దం రెండు దిక్కులా ప్రవహిస్తుంది, రెండూ గోదావరిలో కనిపిస్తాయి. స్పీకర్‌కు వెళ్లే శబ్దం ధవళేశ్వరానికి ఎగువన ఉన్న నదిలాంటిది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వచ్చి కలిసినట్టు పాట, ఫోన్ కాల్, మెయిల్ వచ్చినప్పుడు మోగే గంట అన్నీ ఒక్క ధారగా కలవాలి. మైకు నుంచి వచ్చే శబ్దం దిగువన ఉన్న డెల్టా లాంటిది. ఒకే మాట ఆన్‌లైన్ తరగతికీ, రికార్డింగుకూ, గొంతు గుర్తించే అప్లికేషన్‌కూ పాయలుగా చీలి వెళ్లాలి. కలపడం, చీల్చడం ఈ రెండు పనులూ సౌండ్ కార్డు తనంతట తాను చేయదు. ఈ పోలిక ఒకచోట ఆగిపోతుంది. నీటిని పంచితే ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది, శబ్దాన్ని సరిగ్గా కలిపితే ఎవరి వాటా కూడా తగ్గదు. అందుకే ఇక్కడి తగువుకు పరిష్కారం ఎప్పుడూ దొరుకుతుంది.

శబ్దాలు ఎలా కలుస్తాయి

కంప్యూటర్‌కు శబ్దం అంటే అంకెల వరస. గాలిలో ఒత్తిడి ఎంత ఉందో సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి రాసుకున్న పట్టిక అది. ఒక్కో కొలతను శాంపిల్ అంటారు. పాటల సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు, వీడియోల్లో సాధారణంగా 48,000 శాంపిళ్లు ఉంటాయి. 16 బిట్ల పద్ధతిలో ఒక్కో శాంపిల్ విలువ −32,768 నుంచి 32,767 వరకు ఉండవచ్చు. కుడి ఎడమ రెండు ధారలు, శాంపిల్‌కు రెండు బైట్ల చొప్పున లెక్కిస్తే, 48,000 వేగంతో సెకనుకు 1,92,000 బైట్లు సౌండ్ కార్డుకు చేరుతూ ఉండాలి. అవి కాసేపు నిల్వ ఉండే చోటు బఫర్. బఫర్ ఒక్క క్షణం ఖాళీ అయినా చెవికి ‘టక్’మన్న చప్పుడు వినిపిస్తుంది.

రెండు శబ్దాలను కలపడమంటే వాటి శాంపిళ్లను కూడడమే. గాలిలోనూ అదే జరుగుతుంది. అయితే కూడికకు ముందు, తర్వాత ఒక్కో జాగ్రత్త కావాలి. పాట 44,100 వేగంతో, కాల్ 16,000 వేగంతో వస్తుంటే రెండింటినీ ముందు ఒకే వేగానికి మార్చాలి, దీన్ని రీశాంప్లింగ్ అంటారు. కూడాక వచ్చిన మొత్తం హద్దు దాటకూడదు. 30,000కు 10,000 కలిపితే 40,000 అవుతుంది, 16 బిట్లలో అది పట్టదు. అప్పుడు అల పైభాగం కోసేసినట్టయి శబ్దం బరబరలాడుతుంది. అందుకే శబ్దాలను కలిపి పంచే ఈనాటి ప్రోగ్రామ్‌లు, అంటే సర్వర్లు, కూడికను దశాంశ సంఖ్యలతో చేసి, చివర్లో మాత్రమే కార్డుకు తగిన కొలతకు తెస్తాయి.

చరిత్ర

*తొలి దశ: ముందు వచ్చినవాడిదే.* లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నల్ విడుదల చేసిన మరుసటి ఏడాదే, ఆయనలాగే ఫిన్లాండ్‌కు చెందిన హన్ను సావొలైనెన్ సౌండ్ బ్లాస్టర్ కార్డుకు డ్రైవర్ రాశారు. అది క్రమంగా ఓపెన్ సౌండ్ సిస్టమ్, క్లుప్తంగా ఓఎస్ఎస్‌గా పెరిగింది. అందులో సౌండ్ కార్డు ఒక ఫైలులా కనిపిస్తుంది. దాన్ని తెరిచి అంకెలు రాస్తే చాలు, స్పీకర్ మోగుతుంది. అంత సులువుగా ఉండడం వల్లే ఎందరో ప్రోగ్రామర్లు దాన్ని వాడారు. చిక్కేమిటంటే ఆ ఫైలును ఒక అప్లికేషన్ తెరిస్తే, మూసేదాకా ఇంకొకదానికి దక్కదు. కొన్ని ఖరీదైన కార్డులు తమ చిప్పులోనే అనేక ధారలను కలుపుకునేవి, వాటికి ఈ బాధ తెలియలేదు. 1997లో ఏసీ’97, 2004లో హెచ్‌డీ ఆడియో ప్రమాణాలను ఇంటెల్ తెచ్చాక మదర్‌బోర్డు మీదే చవకగా సౌండ్ వచ్చేసింది, కలిపే పని మాత్రం సాఫ్ట్‌వేర్ మీద పడింది.

*ఆల్సా.* చెక్ ప్రోగ్రామర్ యారొస్లావ్ కిసెలా 1998లో మొదలుపెట్టిన అడ్వాన్స్‌డ్ లినక్స్ సౌండ్ ఆర్కిటెక్చర్‌ను అందరూ ఆల్సా అంటారు. 2002లో అది కెర్నల్ అభివృద్ధి శాఖలో చేరింది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్‌తో ఓఎస్ఎస్ స్థానాన్ని తీసుకుంది. నేటికీ లినక్స్‌లో సౌండ్ కార్డుతో నేరుగా మాట్లాడేది ఆల్సాయే. దీనికి డీమిక్స్ అనే చేర్పు ఉంది. అప్లికేషన్లన్నీ ఒకే ఉమ్మడి మెమరీలో తమ తమ శాంపిళ్లను కూడుకుంటూ పోతాయి, విడిగా సర్వర్ అక్కర్లేదు. మైకును పంచే చేర్పు పేరు డీస్నూప్. అయితే ఏదైనా అప్లికేషన్ డీమిక్స్‌ను దాటి కార్డును నేరుగా తెరిస్తే పాత తగువు మళ్లీ మొదటికి వస్తుంది. ఒక్కో అప్లికేషన్ శబ్దాన్ని విడివిడిగా పెంచడం తగ్గించడం, మోగుతున్న పాటను స్పీకర్ నుంచి హెడ్‌ఫోన్స్‌కు మళ్లించడం డీమిక్స్‌తో కుదరవు.

*డెస్క్‌టాప్ సర్వర్లు.* ఆల్సా కుదురుకోకముందే గ్నోమ్ డెస్క్‌టాప్ ఈసౌండ్ అనే సర్వర్‌నూ, కేడీఈ డెస్క్‌టాప్ ఆర్ట్స్ అనే సర్వర్‌నూ వాడాయి. ఒక్కోటీ తన ఇంటివాళ్లకు బాగానే పంచేది. రెండూ ఒకే కంప్యూటర్‌లో కలిసినప్పుడు కార్డు కోసం అవే పోట్లాడుకునేవి. ఒక కాలువకు ఇద్దరు లాకు సూపరింటెండెంట్లు ఉంటే ఏమవుతుందో అదే అయ్యేది.

*పల్స్ఆడియో.* లెనార్ట్ పోటరింగ్ 2004లో పాలిప్ఆడియో పేరుతో ప్రారంభించిన ఈ సర్వర్‌కు 2006లో పల్స్ఆడియో అన్న పేరు వచ్చింది. 2007 నవంబరులో ఫెడోరా 8, 2008 ఏప్రిల్‌లో ఉబుంటు 8.04 అనే లినక్స్ పంపిణీలు దీన్ని ముందే అమర్చి ఇచ్చాయి. పాత అప్లికేషన్లు ఆల్సాతో మాట్లాడుతున్నామనుకుంటూనే పల్స్ఆడియో చేతికి వచ్చేలా ఏర్పాటు చేయడం దీని ప్రత్యేకత. తొలి ఏళ్లలో దీనిమీద ఫిర్యాదులు చాలా వచ్చాయి. డ్రైవర్లలో అంతవరకు ఎవరూ పట్టించుకోని లోపాలు, ఇది సమయాన్ని కచ్చితంగా లెక్కకట్టడంతో బయటపడడం అందుకు ఒక కారణం. డ్రైవర్లు మెరుగయ్యాక పదేళ్లకు పైగా లినక్స్ డెస్క్‌టాపులను నడిపింది ఇదే.

*జాక్.* సంగీతం రికార్డు చేసేవారి అవసరం వేరు. పాల్ డేవిస్ మొదలుపెట్టిన జాక్ సర్వర్ ఆలస్యాన్ని కొద్ది మిల్లీసెకన్లకు తగ్గించడమే లక్ష్యంగా పనిచేస్తుంది. అందుకోసం అది కార్డును పూర్తిగా తన చేతిలోకి తీసుకుంటుంది. జాక్ నడుస్తుంటే బ్రౌజర్‌లో పాట ఆగిపోవడం ఏళ్ల తరబడి సంగీతకారులకు తెలిసిన ఇబ్బంది. కార్డు కావాలని ఒక సర్వర్ అడిగితే ఇంకొకటి మర్యాదగా వదిలే ఒప్పందం ఒకటి తర్వాత వచ్చింది. అది ఉపశమనమే తప్ప పంపకం కాదు.

*పైప్‌వైర్.* జీస్ట్రీమర్ అనే మల్టీమీడియా సాఫ్ట్‌వేర్ రూపకర్తల్లో ఒకరైన విమ్ టేమాన్స్ రెడ్ హ్యాట్‌లో పనిచేస్తూ, మొదట వీడియోను అప్లికేషన్ల మధ్య పంచడానికి దీన్ని రాయడం మొదలుపెట్టారు. తర్వాత శబ్దమూ ఇందులో చేరింది. పల్స్ఆడియో కోసం రాసిన అప్లికేషన్లు, జాక్ కోసం రాసినవి, ఆల్సాతో నేరుగా మాట్లాడేవి అన్నీ దీనికే వచ్చి చేరతాయి. ఎవరికీ తమ భాష మార్చుకునే అవసరం ఉండదు. 2021లో ఫెడోరా 34, 2022లో ఉబుంటు 22.10 శబ్దానికి దీన్నే ఎంచుకున్నాయి. 2023 నవంబరులో 1.0 వెర్షన్ వచ్చింది. ఏ శబ్దం ఏ పరికరానికి వెళ్లాలో నిర్ణయించే పని వైర్‌ప్లంబర్ అనే తోడు ప్రోగ్రామ్‌ది. బ్యారేజీ పైప్‌వైర్ అయితే, తలుపులు ఎప్పుడు ఎత్తాలో చెప్పే అధికారి వైర్‌ప్లంబర్.

ఆలస్యం

ఒక్కో విడతకు ఎన్ని శాంపిళ్లు కలపాలన్నది పంపకంలో కీలకమైన నిర్ణయం. పైప్‌వైర్ మామూలుగా 48,000 వేగంతో 1,024 శాంపిళ్ల విడత పెట్టుకుంటుంది, అంటే దాదాపు 21 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం అంతసేపట్లో సుమారు ఏడు మీటర్లు పోతుంది. పందిట్లో అంత దూరాన కూర్చుని నాదస్వరం వింటే ఎంత ఆలస్యమో ఇదీ అంతే, వినేవారికి తెలియనే తెలియదు. అదే హెడ్‌ఫోన్స్‌లో తన గొంతు తాను వింటూ పాడే గాయకుడికి ఇబ్బందిగా ఉంటుంది. విడతను 256కు తగ్గిస్తే సుమారు 5 మిల్లీసెకన్లు, 64కు తగ్గిస్తే ఒకటిన్నర మిల్లీసెకన్ల లోపు వస్తుంది. విడత చిన్నదయ్యేకొద్దీ ప్రాసెసర్ తరచుగా లేచి పనిచేయాలి. ఏమాత్రం వెనకబడినా శబ్దం తెగుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో పాట గరగరలాడితే విడతను పెంచడం తరచుగా పనిచేసే మందు.

తగువుల్లో రకాలు

*నేరుగా పట్టుకోవడం.* కొన్ని పాటల ప్లేయర్లు, రికార్డింగ్ అప్లికేషన్లు నాణ్యత కోసమంటూ సర్వర్‌ను దాటి ఆల్సా కార్డునే తెరుస్తాయి. శబ్దమేదీ లేకుండా కొద్ది సెకన్లు గడిస్తే సర్వర్లు కార్డును వదిలి నిద్రపోతాయి. సరిగ్గా ఆ సందులో ఇవి దూరిపోతాయి. అందుకే ఈ సమస్య ఒకరోజు వచ్చి ఇంకోరోజు రాదు.

*రెండు సర్వర్లు.* పాత వ్యవస్థను కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడు పల్స్ఆడియో, పైప్‌వైర్ రెండూ మిగిలిపోవచ్చు. ఏది ముందు లేస్తే కార్డు దానిది.

*వేరే యూజర్.* కంప్యూటర్ తెర ముందు లాగిన్ అయి ఉన్నవారికే సౌండ్ కార్డు మీద అనుమతి ఇవ్వడం ఈనాటి లినక్స్ పద్ధతి. ఒక అప్లికేషన్‌ను రూట్ అనే సర్వాధికార యూజర్‌గా నడిపితే అది మరో యూజర్‌గా లెక్క, ఆ యూజర్‌కు సర్వర్ వేరు. ఒకే యంత్రాన్ని ఇంటిల్లిపాదీ వాడుకునే చోట యూజర్లను ఆడియో గ్రూపులో చేర్చడం పాత సలహా. దానివల్ల లాగిన్ మారినా మొదటివారు కార్డును వదలకపోవచ్చు. కాబట్టి మామూలు డెస్క్‌టాప్‌లో అది వద్దు.

*బ్లూటూత్.* బ్లూటూత్ హెడ్‌సెట్‌లో పాట వింటూ ఉండగా ఏదైనా అప్లికేషన్ దాని మైకు అడిగితే, హెడ్‌సెట్ పాటల పద్ధతి నుంచి కాల్ పద్ధతికి మారుతుంది. స్టీరియో పోయి శబ్దం పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లా సన్నబడుతుంది. ఇది లినక్స్ లోపం కాదు, ఆ హెడ్‌సెట్‌లోని బ్లూటూత్ పద్ధతికున్న హద్దు. ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకుని, హెడ్‌సెట్‌ను వినడానికే వాడితే పాట నాణ్యత నిలుస్తుంది.

*మర్యాద నియమాలు.* కాల్ రాగానే పాట దానంతటదే ఆగడం, స్వరం తగ్గడం తగువు కాదు, సర్వర్ పాటించే మర్యాద. కాల్ ముగిశాక పాట తిరిగి రాకపోతే మాత్రం ఆ నియమాన్ని అమర్చే ఫైలు చూడాలి.

*గుర్తుపెట్టుకున్న మౌనం.* ప్రతి అప్లికేషన్ స్వరం ఎంత, అది ఏ పరికరానికి వెళ్లాలి అన్నది సర్వర్ గుర్తుంచుకుంటుంది. ఎప్పుడో మ్యూట్ చేసినది, ఒకప్పుడు టీవీకి పంపినది ఈరోజూ అలాగే వెళ్తుంది. చూసేవారికి ఇదీ తగువులాగే అనిపిస్తుంది.

పరిష్కరించే క్రమం

ముందు సర్వర్ ఎవరో తెలుసుకోవాలి. టెర్మినల్‌లో పీఏసీటీఎల్ ఇన్ఫో అన్న ఆదేశం ఇస్తే సర్వర్ పేరు కనిపిస్తుంది. పల్స్ఆడియో పేరు పక్కనే పైప్‌వైర్ పేరు కూడా ఉంటే కంగారు పడనక్కర్లేదు, పైప్‌వైరే పల్స్ఆడియో భాషలో మాట్లాడుతోందని అర్థం. అక్కడ జవాబే రాకపోతే సర్వర్ లేవలేదన్నమాట.

రెండో అడుగు ధారలను చూడడం. పావుకంట్రోల్ అనే చిన్న అప్లికేషన్‌లో ఇప్పుడు శబ్దం పంపుతున్నవన్నీ వరసగా కనిపిస్తాయి, ఒక్కోదాని పక్కన కదిలే గీత ఉంటుంది. గీత కదులుతూ శబ్దం వినిపించకపోతే అది తప్పు పరికరానికి పోతోంది. చాలాసార్లు హెచ్‌డీఎంఐ తీగ ద్వారా స్పీకర్లు లేని మానిటర్‌కు పోతూ ఉంటుంది. అప్లికేషన్ పేరే లేకపోతే అది సర్వర్‌ను దాటిపోయింది.

మూడో అడుగు కార్డును ఎవరు పట్టుకున్నారో కనిపెట్టడం. శబ్ద పరికరాల ఫైళ్లు డెవ్ ఫోల్డర్‌లోని ఎస్ఎన్‌డీలో ఉంటాయి. వాటిని ఏ ప్రోగ్రామ్‌లు తెరిచి ఉంచాయో ఫ్యూజర్ అనే ఆదేశంతో తెలుస్తుంది. పైప్‌వైర్, వైర్‌ప్లంబర్ ఉండడం సహజం. మూడో పేరు ఉంటే దొంగ తూము అదే. ఆ అప్లికేషన్ సెట్టింగుల్లో కార్డు పేరు తీసేసి ‘డిఫాల్ట్’ అనో ‘పల్స్ఆడియో’ అనో ఎంచుకోవాలి. ఆల్సా అప్లికేషన్లను సర్వర్‌కు మళ్లించే ప్యాకేజీ లేకపోతే దాన్ని చేర్చాలి.

నాలుగో అడుగు సర్వర్‌ను మళ్లీ లేపడం. సేవలను నడిపే సిస్టమ్‌డీ ఉన్న చోట పైప్‌వైర్‌ను, దాని పల్స్ భాగాన్ని, వైర్‌ప్లంబర్‌ను యూజర్ సేవలుగానే రీస్టార్ట్ చేయాలి, రూట్ అధికారం వద్దు. కంప్యూటర్ మొత్తాన్ని ఆపి వేయనక్కర్లేదు. పాత పల్స్ఆడియో ఇంకా లేస్తుంటే దాని సేవకు మాస్క్ వేయాలి, అంటే లేవకుండా మూసేయాలి.

చివరగా ఆల్సామిక్సర్ తెరిచి కార్డు దగ్గరే మ్యూట్ పడిందేమో చూడాలి. శబ్దం తెగుతుంటే పీడబ్ల్యూ-టాప్ అనే ఆదేశంలో ఏ అప్లికేషన్ తన విడతను సమయానికి అందించలేకపోతోందో లెక్క కనిపిస్తుంది. డ్రైవర్లను తీసేసి మళ్లీ వేయడం అన్నీ అయ్యాక చేయాల్సిన పని. చాలామంది దానితోనే మొదలుపెట్టి పాడు కాని దాన్ని పాడు చేసుకుంటారు.

తెర చదివే గొంతు

ఈ విషయాన్ని పాటలూ సినిమాల సంగతిగానే చూడకూడదు. చూపు లేనివారికి కంప్యూటర్ తెర అంటే వినిపించే గొంతు. లినక్స్‌లో ఆర్కా అనే స్క్రీన్ రీడర్ తెర మీది అక్షరాలను సేకరిస్తుంది, స్పీచ్ డిస్పాచర్ వాటిని స్వరంగా మార్చే ఇంజిన్‌కు అందిస్తుంది, ఆ స్వరం మళ్లీ ఇదే సర్వర్ గుండా స్పీకర్‌కు చేరాలి. ఈస్పీక్ ఎన్‌జీ అనే స్వేచ్ఛా ఇంజిన్ తెలుగు కూడా చదువుతుంది. 2005 నుంచి పనిచేస్తున్న హైదరాబాద్‌లోని స్వేచ్ఛ వంటి సంస్థలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగువారికి చేరువ చేయాలని పాటుపడుతున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ చూపు లేనివారికీ చేరాలంటే గొంతు ఆగకూడదు.

ఇక్కడ రెండు తగువులు ప్రత్యేకం. అక్షరాలు మాత్రమే కనిపించే కన్సోల్‌ను చదివే రీడర్ కంప్యూటర్ లేవగానే వ్యవస్థ సేవగా మొదలవుతుంది, తర్వాత లాగిన్ అయిన యూజర్ సర్వర్‌కు అది పరాయి యూజర్. అది ఆల్సాను నేరుగా పట్టుకుంటే డెస్క్‌టాప్ మొత్తం మూగబోతుంది. ముందు డెస్క్‌టాప్ పట్టుకుంటే కన్సోల్ మూగబోతుంది. రెండోది, తెర చదివే గొంతును ‘మర్యాద నియమం’ పొరపాటున కాల్ వచ్చినప్పుడు తగ్గించేయడం. చూపున్నవారికి శబ్దం పోతే కాసేపు చిరాకు. చూపు లేనివారికి అదే క్షణంలో తెరంతా చీకటి. తప్పు ఎక్కడుందో చూపే సందేశం కూడా వారికి వినిపించదు. కాబట్టి ధ్వని వ్యవస్థను అమర్చేవారు స్క్రీన్ రీడర్ ధారకు అన్నిటికంటే ముందు వంతు ఇవ్వాలి, ఏ నియమమూ దాన్ని తగ్గించకుండా చూడాలి.

రాజమహేంద్రవరంలో ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌కైనా, అమలాపురంలో బడి కంప్యూటర్ గదికైనా, భీమవరంలో చిన్న స్టూడియోకైనా ఒకటే పరీక్ష సరిపోతుంది. ఒక పాట మొదలుపెట్టండి. అది మోగుతుండగానే ఒక కాల్‌లో మాట్లాడండి. రెండూ నడుస్తుండగా ఆర్కాను లేపి తెర మీద ఒక తెలుగు వాక్యం చదివించండి. ఆ వాక్యం స్పష్టంగా వినిపిస్తే శివారు పొలానికి నీరు చేరినట్టే.